తోక నిలబెట్టి పలకరించే పిల్లి

కుక్కకు మనిషి ముఖ్యం, పిల్లికి ఇల్లు ముఖ్యం అంటారు మన పెద్దలు. ఇల్లు మారేటప్పుడు కుక్క సామాన్ల లారీ వెంట పరిగెడుతుంది, పిల్లి మాత్రం పాత ఇంటి పిట్టగోడ దిగదు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అలవాటైన వాసనలున్న చోటు పిల్లికి ప్రాణంతో సమానం. అయితే చాలామంది అక్కడితో ఆగరు. పిల్లికి అభిమానమే ఉండదని, అన్నం పెట్టే చెయ్యి ఎవరిదైనా దానికి ఒకటేనని తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు మాత్రం నిలవదు.

అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో క్రిస్టిన్ విటాలే బృందం ఈ విషయాన్నే పరీక్షకు పెట్టింది. పరీక్ష చాలా చిన్నది. పిల్లి ఎన్నడూ చూడని ఒక గది. దాన్ని పెంచుకునే మనిషి రెండు నిమిషాలు పక్కన కూర్చుంటారు. తర్వాత లేచి వెళ్లిపోతారు, పిల్లి రెండు నిమిషాలు ఒంటరిగా ఉంటుంది. మళ్లీ ఆ మనిషి వచ్చి ఇంకో రెండు నిమిషాలు కూర్చుంటారు. పసిపిల్లలకు తల్లితో ఉన్న అనుబంధాన్ని అంచనా వేయడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు వాడే పద్ధతి కూడా ఇలాంటిదే. అసలు చూడాల్సింది ఆఖరి రెండు నిమిషాలను. మనిషి రాగానే పిల్లి ఎదురొచ్చి, కాళ్లకు ఒళ్లు రాసి, కుదుటపడి, ఆ తర్వాత గది మూలమూలలా వాసన చూసుకుంటూ తిరిగితే ఆ మనిషిని అది అండగా భావిస్తున్నట్టు. వదలకుండా ఒళ్లో ముడుచుకున్నా, పట్టించుకోకుండా దూరంగా మసలినా ఆ బంధంలో ఏదో బెరుకు ఉన్నట్టు. 2019లో వెలువడిన ఫలితాల్లో కూనల్లో 64 శాతం, పెద్ద పిల్లుల్లో దాదాపు 66 శాతం మొదటి కోవలోకి వచ్చాయి. మనిషి పసిపిల్లల్లో ఈ లెక్క సుమారు 65 శాతం. అంటే ఒకసారి పలకరించేసి తన పనిలో పడిపోయే పిల్లిని చూసి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. భరోసా ఉంది కాబట్టే అలా వెళ్లిపోగలుగుతోంది.

పిల్లి తీరు అర్థం కావాలంటే దాని పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలియాలి. నేటి పెంపుడు పిల్లులు ఆఫ్రికా అడవిపిల్లి సంతతి. మనిషి ధాన్యం నిల్వ చేయడం మొదలుపెట్టాక ఎలుకలు చేరాయి, ఎలుకల వెనకే పిల్లి చేరింది. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ల కిందటి సమాధి ఒకదానిలో మనిషి అస్థిపంజరం పక్కనే పిల్లి అస్థిపంజరం కూడా దొరికిందని ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్తలు 2004లో ప్రకటించారు. అంతకాలంగా మన మధ్యే ఉన్నా, ఇది గుంపు కట్టి వేటాడే వంశం కాదు. ఎవరి వేట వారిదే. తోటి ప్రాణితో ఆప్యాయంగా ఎలా మెలగాలో పిల్లి నేర్చుకునేది తల్లి దగ్గర పెరిగిన కొద్ది వారాల్లోనే. ఆ మర్యాదలనే పెద్దయ్యాక మన మీద చూపిస్తుంది. దాని వింత చేష్టల్లో చాలావాటి చిక్కు ఈ ఒక్క సంగతితో విడిపోతుంది.

తోకనే తీసుకుందాం. వేటకు వెళ్లి తిరిగొచ్చిన తల్లికి కూనలు తోక నిటారుగా ఎత్తి ఎదురెళతాయి. ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి మీ పిల్లి తోక నిలబెట్టి, చివర కొంచెం వంచి నడిచొస్తోందంటే అదే పలకరింపు. పెద్ద పిల్లులు కూడా గొడవ పెట్టుకునే ఉద్దేశం లేదని ఒకదానికొకటి తెలియజెప్పుకోవడానికి ఇలాగే తోక ఎత్తుతాయి. తోక బ్రష్‌లా ఉబ్బితే భయం. కూర్చున్నచోటే తోకను అటూ ఇటూ విసురుతుంటే చిరాకు. కుక్క తోక ఊపడం చూసి అలవాటైన కళ్లు ఇక్కడే మోసపోతాయి.

ఇక మ్యావ్. ఎదిగిన పిల్లులు తమలో తాము మ్యావ్‌మనుకోవడం చాలా అరుదు. అది కూనలు తల్లిని పిలిచే పిలుపు. వాసనలు పసిగట్టలేని, తోక భాష తెలియని ఈ మనుషులను కదిలించాలంటే గొంతు ఎత్తక తప్పదని పెంపుడు పిల్లులు కనిపెట్టినట్టున్నాయి. అందుకే ఒక్కో ఇంటి పిల్లి ఒక్కో బాణీ కడుతుంది. గిన్నె దగ్గర ఒకటి, మూసిన తలుపు దగ్గర మరొకటి. ఇంట్లోవాళ్లకు ఆ తేడా ఇట్టే తెలుస్తుంది, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు అన్నీ ఒకేలా వినిపిస్తాయి.

ఇంతకంటే గడుసు విద్య ఇంకొకటుంది. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో కరెన్ మెకోంబ్ బృందం 2009లో పిల్లుల గుర్‌గుర్ శబ్దాలను రికార్డు చేసింది. హాయిగా పడుకున్నప్పటివి కొన్ని, తిండి కోసం యజమానిని నిద్ర లేపుతున్నప్పటివి కొన్ని. రెండో రకంలో మామూలు గుర్‌గుర్ అడుగున సన్నని ఏడుపు లాంటి స్వరం ఒకటి దాగుంది. అది పసిబిడ్డ ఏడుపు స్థాయికి దగ్గరగా ఉంది. ఎన్నడూ పిల్లిని పెంచని శ్రోతలు సైతం ఈ రకాన్ని విని, ఇందులో ఏదో తొందర ఉందని అన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి చెవి పక్కన ఆ శబ్దం వింటూ పడుకోవడం ఎందుకు కష్టమో ఇప్పుడు తెలిసింది కదా. పిల్లికి ఆ వేళే వేట వేళ కూడా. తెల్లారగట్ల, సందె చీకట్లో అది చురుగ్గా ఉంటుంది. ఉన్నట్టుండి సోఫా ఎక్కి, కర్టెన్ మీదికి లంఘించి, హాలంతా గిరికీలు కొట్టే వేడుక ఎక్కువగా ఆ వేళల్లోనే. దానికి దెయ్యం పట్టలేదు, రోజంతా పడుకుని కూడబెట్టిన సత్తువ ఖర్చవుతోందంతే.

ఆ గుర్‌గుర్ ఎలా పుడుతుందో కూడా ఈమధ్యే ఇంకొంచెం తేటపడింది. వియన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో, నయంకాని జబ్బులతో పోయిన ఎనిమిది పిల్లుల స్వరపేటికల్లోంచి గాలి పంపి చూశారు. మెదడు నుంచి ఏ ఆదేశం లేకుండానే అవి సెకనుకు 25 నుంచి 30 సార్లు కంపించాయి. స్వరతంతువుల్లో ఇమిడి ఉన్న మెత్తని కణజాలం వాటిని అంత నెమ్మదిగా అదిరేలా చేస్తోంది. అంత చిన్న జంతువు అంత మంద్రంగా పలకడంలోని కిటుకు అదే.

ఒళ్లో ఎక్కి, కళ్లు అరమోడ్చి, ముందుకాళ్లతో చపాతీ పిండి పిసికినట్టు తొడను పిసకడం పిల్లిని పెంచే ప్రతి ఇంట్లోనూ చూసేదే. కూన పాలు తాగేటప్పుడు తల్లి పొట్టను అలాగే నొక్కుతుంది, పాలు ధారగా రావడానికి. పెద్దయినా ఆ అలవాటు పోదు. మెత్తని దుప్పటి మీదో, నమ్మకమైన మనిషి మీదో తేలుతుంది. గోళ్లు గుచ్చుకుంటే విదిలించి కింద పడేయకుండా మధ్యలో మందపాటి తువ్వాలు వేసుకుంటే సరిపోతుంది.

పిల్లి లోకంలో కంటికంటే ముక్కుకు పెద్దపీట. బుగ్గలు, గడ్డం, నుదురు, తోక మొదలు, పాదాలు, ఇన్నిచోట్ల వాసన గ్రంథులున్నాయి. మీ మోకాలికి తల రుద్దినా, తలుపు అంచుకు బుగ్గ రాసినా తన వాసన అంటించి 'ఇది మనది' అని రాసుకోవడమే. ఊరెళ్లి వచ్చిన బ్యాగు మీద, కొత్తగా కొన్న కుర్చీ మీద ఈ తనిఖీ మరీ ఎక్కువ. ఒక్కోసారి విప్పిన సాక్సు వాసన చూసి, పైపెదవి ఎత్తి, నోరు తెరిచి అసహ్యం వేసినట్టు మొహం పెడుతుంది. నిజానికది అసహ్యం కాదు. అంగిట్లో ఉన్న ప్రత్యేక అవయవానికి ఆ వాసనను అందించి మరింత శ్రద్ధగా చదువుతోంది.

మన ఇళ్లలో పిల్లి ఇచ్చే కానుక ఎక్కువగా బల్లి. అప్పుడప్పుడు బొద్దింక, అదృష్టం బాగుండకపోతే పిచ్చుక. తల్లిపిల్లి వేటను గూటికి తెచ్చి కూనలకు వేట నేర్పుతుంది. కడుపు నిండినా వేట బుద్ధి మాత్రం నిద్రపోదు, దొరికినదాన్ని తనకు భద్రమైన చోటికే మోసుకొస్తుంది. ఆ చోటు మన పడకగది గుమ్మం అయినందుకు కేకలు వేయకుండా ఎత్తి పారేయడమే పని. మానిపించే మార్గం కొంతవరకు ఉంది. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2021లో ప్రచురించిన పరిశీలనలో, మాంసకృత్తులు దండిగా ఉన్న తిండి పెట్టిన ఇళ్లలో పిల్లులు తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ ఐదు పది నిమిషాలు ఈక కట్టిన పుల్లతో ఆడించిన ఇళ్లలో 25 శాతం తగ్గింది. పెరుగన్నం మీద బతికే నాటు పిల్లి వంటింటి గోడల మీద అదేపనిగా చూపు నిలపడంలో ఆశ్చర్యం లేదు. అది పుట్టుకతో మాంసాహారి. తీపి రుచి కూడా దానికి తెలియదు, తీపిని గుర్తించే జన్యువు పిల్లి జాతిలో పనిచేయడం లేదని ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ 2005లో తేల్చింది. కాబట్టి అది పాయసం గిన్నె నాకుతుంటే అందులోని కొవ్వు కోసమే.

ముద్దు చేయడంలోనే మనుషులు ఎక్కువ తప్పులు చేస్తారు. పిల్లి వెల్లకిలా పడుకుని పొట్ట చూపితే అది నమ్మకానికి గుర్తు, నిమరమన్న ఆహ్వానం కాదు. చెయ్యి వేయగానే నాలుగు కాళ్లూ కలిపి పట్టుకుని కొరికితే పిల్లి మీద నేరం మోపుతాం. లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఒళ్లంతా ఎక్కడెక్కడ నిమిరితే పిల్లులు ఎలా స్పందిస్తాయో వరసగా చూశారు. తోక మొదలు దగ్గర నిమిరితే అన్నిటికంటే ఎక్కువ చిరాకు పడ్డాయి. బుగ్గలు, చెవుల కింద, గడ్డం, ఇవే పిల్లికి ఇష్టమైన చోట్లు. మరో మెళకువ కూడా ఉంది. చెయ్యి చాపి దాని ముక్కు ముందు ఆపండి. వాసన చూసి తల రాస్తే మూడు నాలుగు సార్లు నిమిరి ఆపండి. ఇంకా కావాలంటే అదే ముందుకొస్తుంది. చర్మం జలదరించినా, చెవులు పక్కకు వాలినా, తోక కొస కదిలినా 'ఇక చాలు' అని అర్థం. ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందు నేర్పాల్సింది ఈ ఆపడమే.

కళ్లతో కూడా పలకరించవచ్చు. రెప్పలు సగం మూసి, నెమ్మదిగా పూర్తిగా మూసి తెరవడం పిల్లి భాషలో స్నేహం. 2020లో ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు జరిపిన పరీక్షలో, ముందు ఇలా నెమ్మదిగా రెప్పలార్పి తర్వాత చెయ్యి చాపిన కొత్త మనిషి దగ్గరికి పిల్లులు ఎక్కువగా వచ్చాయి. రెప్పవేయకుండా గుచ్చి చూడడం వాటికి బెదిరింపు. పిల్లులంటే గిట్టక చూపు తిప్పుకుని కూర్చున్న అతిథి ఒళ్లోకే అది వెళ్లి ఎక్కడంలో మర్మం అదే కావచ్చు.

పేరు పెట్టి పిలిస్తే రాదన్నది ఇంకో ఫిర్యాదు. టోక్యోలో అత్సుకో సైటో 2013లో జరిపిన ప్రయోగంలో పిల్లులు యజమాని గొంతు విని చెవులు తిప్పాయి, తల తిప్పాయి. లేచి మాత్రం రాలేదు. 2019లో ఆమె బృందమే పిల్లులకు తమ పేరు తెలుసునని, అలాంటి శబ్దమే ఉన్న వేరే మాటల మధ్య కూడా దాన్ని పోల్చుకుంటాయని చూపింది. అంటే వినపడుతుంది, అర్థమవుతుంది, ఆపై దాని ఇష్టం. 'బుజ్జీ, తల్లీ' అంటూ గారాల గొంతుతో మాట్లాడడం చూసి నవ్వేవాళ్లకు ఒక కబురు: పెంచుకున్న మనిషి తనతో గారంగా మాట్లాడుతున్నప్పుడు, మామూలుగా ఎవరితోనో మాట్లాడుతున్నప్పుడు ఉండే తేడాను పిల్లులు పసిగడతాయని ఫ్రాన్సులో 2022 నాటి పరిశోధన చెబుతోంది. అపరిచితుల గారాన్ని మాత్రం అవి లెక్కచేయలేదు.

అట్టపెట్టె కనబడితే చాలు దూరిపోవడం వట్టి సరదా కాదు. నెదర్లాండ్స్‌లోని ఒక ఆశ్రయకేంద్రంలో 2014లో, దాక్కునే పెట్టె ఇచ్చిన కొత్త పిల్లులు పెట్టె లేనివాటికంటే త్వరగా కుదుటపడ్డాయి. దీపావళి రాత్రి బాంబుల మోతకు బీరువా వెనక దూరిన పిల్లిని బయటికి లాగి సముదాయించాలని చూడడం కంటే, ఇంటి లోపలి గదిలో దుప్పటి పరిచిన పెట్టె ఒకటి ముందే పెట్టి తలుపు చేరవేయడం మంచిది.

పెరట్లో ఆడించదలచినవాళ్లకు ఖర్చులేని వస్తువు ఒకటుంది. గోడల వారన కలుపులా మొలిచే కుప్పింట మొక్క. దాన్ని వేరుతో పీకి వేస్తే చాలా పిల్లులు ఆ వేరుకు బుగ్గలు రుద్ది, దాని మీద పొర్లుతాయి. విదేశాల్లో క్యాట్‌నిప్ ఆకు చేసే పనే ఇదీ. జపాన్‌లో మతతాబి అనే తీగ మీద కూడా పిల్లులు ఇలాగే పొర్లుతాయి. ఆ ఆకుల్లోని పదార్థం ఒంటికి అంటుకుంటే దోమలు దూరంగా ఉంటాయని ఇవాతే విశ్వవిద్యాలయం వారు 2021లో కనుగొన్నారు.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలియనివారుండరు. రాయలవారిచ్చిన పిల్లికి మొదటిరోజే సలసల కాగే పాలు పెడితే, మూతి కాల్చుకున్న ఆ పిల్లి తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయేదట. కథ ఎలాంటిదైనా పిల్లి స్వభావం మట్టుకు అందులో సరిగ్గా ఉంది. చేదు అనుభవాన్ని అది చప్పున మరిచిపోదు. టేబుల్ మీది గ్లాసు తోసిందనో, సోఫా గీకిందనో కొడితే అది నేర్చుకునేది సోఫా గురించి కాదు, కొట్టిన చెయ్యి గురించి. గీకడానికి కొబ్బరితాడు చుట్టిన దుంగ ఒకటి సోఫా పక్కనే నిలబెడితే పని జరుగుతుంది. గ్లాసు తోసినప్పుడు ఇంటిల్లిపాదీ అరుస్తూ పరుగెత్తుకొస్తే, అందరినీ రప్పించే ఉపాయం దొరికిందని మురిసిపోయి మళ్లీ తోస్తుంది.

అయితే ప్రతి వింతా ముచ్చట కాదు. నొప్పిని దాచుకోవడంలో పిల్లి గట్టిది. సుఖంగా ఉన్నప్పుడే కాదు, జబ్బుపడినప్పుడూ గుర్‌గుర్‌మంటుంది. రోజూ ఎదురొచ్చే పిల్లి మంచం కింద నుంచి రాకపోయినా, ఒళ్లు నాక్కోవడం మానేసినా, ఉన్నట్టుండి లిట్టర్ ట్రే వదిలి స్నానాలగదిలో మూత్రం పోస్తున్నా అది అలక కాకపోవచ్చు. ముఖ్యంగా మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా పోయలేకపోతుంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. జ్వరంగా ఉందని మనం వేసుకునే పారాసిటమాల్ ముక్క మాత్రం పెట్టకూడదు, పిల్లికి అది విషం.