కల్పాక్కం విద్యుత్తు, అణ్వాయుధ వివాదం

చెన్నై నుండి సముద్రతీరం వెంట దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్లు వెళితే కల్పాక్కం వస్తుంది. సరిహద్దు మండలాల నుండి పనులకో, వైద్యానికో, పిల్లల చదువులకో చెన్నపట్నం వెళ్ళివచ్చే కుటుంబాలలో మహాబలిపురం శిల్పాలు చూసి వెనుదిరిగినవారే ఎక్కువ. అక్కడికి కొద్ది దూరంలోనే మద్రాసు అణు విద్యుత్ కేంద్రం ఉన్నది. ఒక్కొక్కటి 220 మెగావాట్ల సామర్థ్యం గల రెండు రియాక్టర్లు దక్షిణాది రాష్ట్రాల కోసం నిర్మించినవి. అయితే ఇవి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీల పరిధిలో లేవు. దేశంలోని తక్కిన రియాక్టర్లలో అనేకం ఆ పరిధిలో ఉండగా, వీటికి మినహాయింపు ఎందుకు? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం దొరికితే, ఏ దేశానికి అణుశక్తిపై ఎంత హక్కు అన్న వివాదం సగం అర్థమైనట్లే.

ముందుగా రియాక్టరులో జరిగేదేమిటో చూడాలి. గనిలో దొరికే యురేనియంలో వెయ్యి పాళ్ళకు ఏడు పాళ్ళు మాత్రమే సులభంగా విచ్ఛిన్నమయ్యే రకం, అనగా యురేనియం 235. మిగిలినది దాదాపు అంతా యురేనియం 238. మొదటి రకం పగిలినప్పుడు పుట్టే వేడితో నీరు ఆవిరై, టర్బైన్లు తిరిగి విద్యుత్తు వస్తుంది. ఆ సమయంలోనే రెండవ రకంలో కొంత భాగం న్యూట్రాన్లను పీల్చుకొని ప్లుటోనియంగా మారుతుంది. ఈ ప్లుటోనియంను వేరుచేస్తే మళ్ళీ ఇంధనంగా వాడవచ్చు, బాంబుగానూ మలచవచ్చు. 1945లో నాగసాకిని నాశనం చేసిన బాంబులో ఉన్నది సుమారు 6 కిలోల ప్లుటోనియం మాత్రమే.

ఇంధనాన్ని రియాక్టరులో ఎక్కువకాలం ఉంచితే విద్యుత్తు బాగా వస్తుంది గాని, ప్లుటోనియం ఆయుధానికి అంత అనువుగా ఉండదు. తొందరగా బయటకు తీస్తే విద్యుత్తు తగ్గుతుంది, ప్లుటోనియం మాత్రం బాంబుకు తగినదిగా ఉంటుంది. కల్పాక్కంలోని భారజల రియాక్టర్లలో యంత్రాన్ని ఆపకుండానే ఇంధనం మార్చవచ్చు. కాబట్టి బయట నిలబడి పొగగొట్టం చూసినవారికి లోపలి ఉద్దేశం తెలియదు. ఎప్పుడు ఏ కడ్డీ లోపలికి వెళ్ళింది, ఎప్పుడు బయటకు వచ్చింది అన్న లెక్క చూసినవారికే తెలుస్తుంది. తనిఖీ అనగా ప్రధానంగా ఈ పద్దుల పరిశీలనే.

ఈ అనుమానానికి భారతదేశమే ఒక కారణమయింది. కెనడా ఇచ్చిన సైరస్ పరిశోధక రియాక్టరులో తయారైన ప్లుటోనియంతో 1974 మే 18న పోఖ్రాన్‌లో పరీక్ష జరిగింది. శాంతియుత ప్రయోజనాలకే వాడతామన్న మాట మీద ఆ రియాక్టరు వచ్చింది. ప్రభుత్వం దానిని శాంతియుత విస్ఫోటనమని పేర్కొన్నా, కెనడా నమ్మలేదు, సహకారం నిలిపివేసింది. అప్పటికి కల్పాక్కంలో నిర్మాణం సాగుతున్నది. విదేశీ సహాయం లేకుండానే ఇక్కడి ఇంజనీర్లు దానిని పూర్తిచేసి 1983 జూలైలో మొదటి రియాక్టరును క్రియాశీలం చేశారు. అది సామాన్యమైన విజయం కాదు. స్వయంగా కట్టుకున్నదానిపై ఇతరుల తనిఖీ ఎందుకన్న వాదనకు బలం కూడా అక్కడినుండే వచ్చింది.

మరొక ఫిర్యాదు ఇంకా పాతది. 1970లో అమలులోకి వచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం ప్రకారం 1967 జనవరి 1కి ముందు అణు విస్ఫోటనం జరిపిన దేశాలే అణ్వాయుధ దేశాలు. తక్కినవారు ఆయుధం మానుకొని, తనిఖీకి ఒప్పుకుంటే శాంతియుత వినియోగంపై హక్కు ఉంటుంది. పెద్దలు తమ ఆయుధాలను తగ్గించుకొనే దిశగా చర్చలు జరపాలన్న షరతూ ఉన్నది గాని, దాని అమలు ఎంతవరకు వచ్చిందో లోకానికి తెలిసినదే. ఒక తేదీని గీతగా గీసి, అటువారు దొరలు, ఇటువారు అనుమానితులు అనడం వివక్ష అన్నది భారతదేశపు వైఖరి. అందుకే సంతకం చేయలేదు. ఆ వాదనలో న్యాయం ఉన్నది.

అయితే 2005 జూలైలో అమెరికాతో కుదిరిన అవగాహన తరువాత కథ మారింది. పౌర, సైనిక కేంద్రాలను వేరుచేయవలసి వచ్చింది. 2006 మార్చి నాటి ప్రణాళికలో 22 రియాక్టర్లకు గాను 14 తనిఖీ కిందకు వెళ్ళాయి. కల్పాక్కంలోని రెండూ బయటనే మిగిలాయి. అక్కడే నిర్మాణంలో ఉన్న 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరును కూడా ఇవ్వలేదు. దానిని తనిఖీకి అప్పగించరాదని అప్పటి అణుశక్తి సంఘం అధ్యక్షులు అనిల్ కకోద్కర్ బహిరంగంగానే వాదించారు. ఇంధన భద్రత, రక్షణ అవసరం రెండూ ఆయన చెప్పిన కారణాలే. 2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం భారతదేశానికి ప్రత్యేక మినహాయింపు నిచ్చింది.

ఒప్పందంలో చేరని దేశానికి ఈ వెసులుబాటు దొరకగా, అందులో సభ్యత్వం ఉన్న ఇరాన్‌కు యురేనియం శుద్ధి విషయంలో ఆంక్షలు, ఆపైన 2025 జూన్‌లో బాంబు దాడులు ఎదురయ్యాయి. ఇరాన్ 60 శాతం వరకు శుద్ధిచేయడం అనుమానాలకు తావిచ్చిన మాట నిజం. విద్యుత్ కేంద్రాలకు సాధారణంగా 5 శాతం లోపు చాలు. అయినా నియమం అందరికీ ఒకటేనా అని టెహరాన్‌లో అడిగితే, దానికి సూటి జవాబు చెప్పడం న్యూఢిల్లీకి కూడా సులభం కాదు.

తనిఖీ కాదనుకున్నందుకు ఖర్చు లేకపోలేదు. విదేశాల నుండి తెచ్చిన యురేనియంను తనిఖీకి లోబడిన రియాక్టర్లలోనే వాడాలి. బయట ఉన్నవి దేశీయ ఖనిజం మీదనే ఆధారపడాలి. ఆ ఖనిజం జార్ఖండ్‌లోని జాదూగూడ వంటి గనుల నుండి, 2012లో ప్రారంభమైన కడప జిల్లా తుమ్మలపల్లె గని నుండి రావాలి. తుమ్మలపల్లె పరిసరాలలోని రైతులు వ్యర్థాల చెరువు వల్ల బోరు నీరు, అరటి తోటలు దెబ్బతింటున్నాయని ఫిర్యాదు చేస్తూ వచ్చారు. ఆ ఫిర్యాదులు విని పరీక్షలు జరపవలసినవారు వియన్నాలోని తనిఖీదారులు కారు, ఇక్కడి అధికారులే.