నక్షాకెక్కిన ఊరు, లెక్కకెక్కని కూలీ

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి అంటే "ఏ ఎల్లారెడ్డి?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఒకటి పాత తాలూకా కేంద్రం, పోచారం కాలువ పారే ఎల్లారెడ్డి. రెండోది కామారెడ్డికి దగ్గర్లోనే, నిజామాబాదు దిక్కున, సదాశివనగర్ మండలంలో ఉన్న అడ్లూర్ ఎల్లారెడ్డి. మొదటిదానికి కచేరీలున్నాయి, కాలువ ఉంది. రెండోదాని పేరు 2023 జనవరి దాకా జిల్లా దాటి పెద్దగా వినపడలేదు.

ఆ నెల 4వ తేదీన ఆ ఊరి రైతు ఒకరు ప్రాణం తీసుకున్నాడు. మాస్టర్ ప్లాన్‌లో భూమి పోతుందన్న దిగులుతోనే అని ఇంటివాళ్ళు, ఊరివాళ్ళు చెప్పారు. ఆ మర్నాడే వేలాది జనం కామారెడ్డి కలెక్టరేటును ముట్టడించారు. ఊరి పేరు రాష్ట్రమంతా తెలిసింది.

ఆ జనవరి నెల గొడవ ఒక్క నెలలో పుట్టింది కాదు. భూమి ఎవరి పేర రాసి ఉంది, రాసే కలం ఎవరి చేతిలో ఉంది అన్నది ఈ గడ్డ మీద నిజాం కాలం నాటి పంచాయితీ. అందుకని కొంచెం వెనక్కి పోవాలి.

కాగితం పెత్తనం

నిజాం రోజుల్లో ఊరి భూమి లెక్క పటేలు పట్వారీల దస్త్రంలో ఉండేది. దున్నేవాడికి అక్షరం రాదు. అక్షరం వచ్చినవాడు మడక పట్టడు. ఏ సర్వే నంబరు ఎవరి పేర ఎక్కిందో రైతుకు తెలిసేసరికి కొడుకుల కాలం వచ్చేది. వెట్టి చేసినవాడికి, దొర దగ్గర జీతం ఉన్నవాడికి అసలు ఆ దస్త్రంతో పనే లేదు. వాడి పేరు అందులో ఉండదు గనక.

1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ రైతాంగ పోరాటం నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో భగ్గున మండింది. ఆ వేడి సర్కారుకు తగిలింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. 'రక్షిత కౌలుదారు' అనే మాట కాగితం మీదికి ఎక్కింది. 1954-55 కాస్రా పహాణీ ఇప్పటికీ భూమి తగాదాల్లో పెద్ద సాక్ష్యం. 1984లో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఊళ్ళల్లో జనం ఊపిరి పీల్చుకున్నారు.

కలం చేతులు మారింది గాని పెత్తనం పోలేదు. 2018లో రైతుబంధు వచ్చింది, పట్టాదారుకే ఇచ్చారు. కౌలుదారుకు రాలేదు. 2020లో ధరణి వచ్చింది. పాత పహాణీలో 'అనుభవదారు' అని సాగు చేసేవాడి పేరు రాసే కాలమ్ ఉండేది, ధరణిలో అది మాయమైంది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. ఇన్ని కాగితాలు మారినా కూలి చేసి బతికే మనిషికి ఏ కాగితంలోనూ ఒక గడి దొరకలేదు.

ఊరి బతుకు

కామారెడ్డి చుట్టూతా మెట్ట సేద్యం. ఇక్కడ రైతుకు దిక్కు బోరు, చెరువు, వాన. వరి, మక్క, పత్తి, సోయా పండిస్తారు. ఒకప్పుడు కామారెడ్డి బెల్లం మార్కెట్టు అంటే చెరుకు రైతు బండి కట్టుకుని వచ్చే చోటు. అడ్లూర్ ఎల్లారెడ్డిలో చక్కెర ఫ్యాక్టరీ కూడా ఉంది. ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని చూస్తూనే ఈ ఊళ్ళో పిల్లలు పెరిగారు. పరిశ్రమ అనే మాట వినగానే బెదిరిపోయే జనం కాదన్నమాట. పరిశ్రమ పేరుతో అడగకుండా పొలం మీద గీత గీయడమే వాళ్ళకు మింగుడుపడలేదు.

కూలీ ఇంటి ఏడాది లెక్క వేరు. వానలు పడితే నాట్లు, ఆ వెనక కలుపు. దసరా దాటితే మక్క కంకులు విరవడం, పత్తి ఏరడం. యాసంగిలో మళ్ళీ నాట్లు. కైకిలి దొరకని నాడు ఆడవాళ్ళ ఒళ్ళో బీడీల చాట. ఈ జిల్లాలో వేలాది ఇళ్ళ పొయ్యి బీడీల మీదనే మండుతుంది. ఇంటి మగవాడో, పెద్ద కొడుకో గల్ఫులో. అక్కడి నుంచి వచ్చే పైసలతో ముందు తీరేది అప్పు, తర్వాతే ఇల్లు.

రంగు మారిన పొలాలు

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయింది. పట్టణం పెరిగింది, భూమి ధర పెరిగింది. వెనకాలే మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ వచ్చింది. పచ్చని పొలాలు నక్షాలో ఇండస్ట్రియల్ జోన్ అయ్యాయి. కొన్నింటి మీదుగా వంద అడుగుల రోడ్లు గీశారు. అభ్యంతరాలు చెప్పుకోడానికి 2023 జనవరి 11 గడువు.

"ఇది ముసాయిదాయే, ఎవరి భూమీ పోదు" అంది సర్కారు. జోన్ అని రంగు పడితే ఆ రోజే వచ్చి భూమి గుంజుకోరు, అది నిజమే. కాని పొలంలో ఇల్లు కట్టుకుంటానంటే అనుమతి చిక్కు. బిడ్డ పెళ్ళికి అర ఎకరం అమ్మబోతే మామూలు మనిషి కొనడు, ధర పడిపోతుంది. చివరికి చవగ్గా కొనేది ఎవరో చెప్పనక్కరలేదు. రైతుకు అర్థమైంది ఇది.

జనవరి 5 ముట్టడి, 6న బంద్. రామేశ్వర్‌పల్లి రైతులు హైకోర్టు మెట్లెక్కారు. కౌన్సిలర్లను రాజీనామా చేయమని నిలదీశారు. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేయక తప్పలేదు. జగిత్యాలలోనూ మాస్టర్ ప్లాన్ వెనక్కి పోయింది. అదే ఏడాది చివర ఎన్నికల్లో అప్పటి ముఖ్యమంత్రి, ఆ తర్వాత ముఖ్యమంత్రి అయినాయన ఇద్దరూ కామారెడ్డిలో నిలబడి ఇద్దరూ ఓడారు.

ఇది జనం గెలుపు. ఇందులో రెండో మాట లేదు. అయినా ఒక సంగతి మనలో మనం మాట్లాడుకోవాలి.

ఆ పొలాల్లో కూలీల సంగతి?

అభ్యంతరం రాయాలంటే సర్వే నంబరు కావాలి. ఆ నంబరున్న పొలంలో ఏటా నాటు వేసే ఆడకూలీకి నంబరు ఎక్కడిది? కౌలుకు చేసేవాడు ఏ కాగితం పట్టుకుని పోవాలి? పొలం షెడ్డుగా మారితే పట్టాదారుకు తక్కువో ఎక్కువో ధరంటూ వస్తుంది. కూలీకి పోయేది పని, పోయినందుకు వచ్చేది ఏమీ లేదు.

2013 కేంద్ర భూసేకరణ చట్టం ఈ విషయంలో ఒక మంచి మాట రాసింది. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ భూమి మీద ఆధారపడ్డ వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు కూడా బాధిత కుటుంబాలే. పునరావాసం వాళ్ళకూ హక్కు. అయితే మాస్టర్ ప్లాన్‌లో జోన్ గీయడం సేకరణ కిందికి రాదు. రంగు మారి, ధర పడి, రైతు తనంతట తానే అమ్ముకుంటే అది అమ్మకం. అమ్మకంలో కూలీకి ఏ చట్టమూ వాటా చెప్పలేదు. కూలీ నోటికాడి ముద్ద ఈ సందులోంచే జారిపోతుంది.

కనుక మేం అడిగేవి నాలుగు. పొలాల మీద ఏ గీత గీసినా ముందు గ్రామసభ పెట్టాలి. ఆ సభలో పట్టా ఉన్నవాడితో పాటు కూలీ, కౌలుదారు మాటకూ విలువుండాలి. ఆ భూమి మీద ఎన్ని కూలి ఇళ్ళు బతుకుతున్నాయో లెక్క తీసి నక్షా పక్కనే అంటించాలి. భూమి రికార్డులో సాగు చేసేవాడి పేరు రాయాలి.

రైతన్నలకూ ఒక మాట. కలెక్టరేటు ముందు మీ పక్కన నిలబడాల్సింది మీ పొలంలో నాటు వేసే చేతులే. వాళ్ళను పిలిస్తే మీ బలం రెట్టింపవుతుంది. పిలవకపోతే రేపు పట్టాదారులను ఒక్కొక్కరిని విడదీసి బేరం చేయడం వాళ్ళకు సులువు.

పట్టణం పెరగక మానదు. ఇంకో నక్షా రాక మానదు. అది వచ్చిన నాడు కూలీ సంఘం కూడా తన లెక్క రాసుకుని సిద్ధంగా ఉండాలి. ఏ ఇంటివాళ్ళు, ఎవరి పొలంలో, ఎన్నేళ్ళుగా పని చేస్తున్నారో ఊరూరా ఇప్పటినుంచే రాసిపెడదాం. మన పేరు పట్వారీ రాయలేదు, కంప్యూటరూ రాయలేదు. ఇక మనమే రాసుకోవాలి.