బూజు పట్టిన వేరుశనగ – కంటికి కానరాని విషము

కళ్లములో తడిసిన వేరుశనగ కాయకు ఆకుపచ్చని బూజు పట్టినపుడు “ఎండలో వేసి దులిపిన పోవును” అనుకొందుము. బూజు పోవును గాని, అది విడిచిన విషము పోదు.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చినవి. కారణము తెలియక మొదట దానికి ‘ఎక్స్’ జబ్బని పేరిడిరి. దాణాలో కలిపిన బ్రెజిలు దేశపు వేరుశనగ పిండిలో విషమున్నట్లు తరువాత తేలినది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పుట్టించెడి ఈ విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు.

ఇది కోళ్లతో పోయెడి ముప్పు కాదు. 1974లో గుజరాత్, రాజస్థాన్ రాష్ట్రములలో, కోతల వేళ వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని కామెర్ల పాలై 106 మంది మరణించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు పరిశోధించి, దీనికి అఫ్లటాక్సిన్ కారణమని తెలిపిరి.

ఈ విషము కాలేయమును చెరచును. కొద్దికొద్దిగా చాలాకాలము తిన్నను కాలేయపు క్యాన్సరుకు దారి తీయును. వండినను, వేయించినను పూర్తిగా నశించదు. నూనె ఆడించినపుడు ఎక్కువ భాగము చెక్కలో నిలుచును. ఆ చెక్క మేసిన గేదె పాల ద్వారా అది మీ పిల్లల గ్లాసులోనికి చేరును.

కావున రాకుండ చూచుకొనుటయే మార్గము.

1. కోతకు ముందు మూడు నాలుగు వారములు బెట్ట తగిలిన, నేలలోనే కాయకు బూజు సోకును. నీటి వసతి ఉన్నవారు అప్పుడొక తడి ఇవ్వవలెను.

2. పైరు ముదరగనే పీకి, కాయలు పైకి వచ్చునట్లు మొక్కలను తిరగవేసి ఆరబెట్టవలెను. చిట్లిన, పురుగు తొలిచిన కాయలను వేరు చేయవలెను.

3. తేమ 8 శాతమునకు దిగువరకు ఎండనీయవలెను. బాగుగా ఎండిన కాయను ఊపిన గింజ గలగలలాడును.

4. ఒలుచుట సులువని కాయలపై నీరు చల్లరాదు.

5. గోతాలను చెక్కబల్లలపై, గోడకు ఎడముగా పేర్చవలెను.

6. బూజు పట్టిన, రంగు మారిన, ముడుత పడిన గింజలను ఏరి పారవేయవలెను. వానిని గానుగకు గాని, పశువులకు, కోళ్లకు గాని వాడరాదు.

నేరుగా తినెడి వేరుశనగలో ఈ విషము కిలోకు 4 మైక్రోగ్రాములు మించినచో యూరపు దేశములు ఆ సరుకును అంగీకరించవు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. అంత కొంచెమును మన కన్ను పట్టలేదు.

గ్రామోద్యోగులు ఈ సంగతులను కాయ పీకుటకు ముందే రైతులకు తెలియజెప్పవలెను. గోతాలకెత్తిన తరువాత చెప్పిన ఫలము లేదు.