ట్రంకు పెట్టెలో దాచిన సర్టిఫికెట్

గత ఏడాది జూన్‌లో ఒక శుక్రవారం. జుమా నమాజు ముగించుకొని ఇల్లు చేరేసరికి వసారాలో ఒక తల్లి, పక్కన ఆమె కూతురు కూర్చొని ఉన్నారు. ఇరవై ఏళ్ల క్రితం ఆ తల్లి కర్నూలులో నా దగ్గరే ఉర్దూ చదువుకుంది. ప్లాస్టిక్ కవరులోంచి రెండు కాగితాలు తీసి, "ఉస్తాద్‌జీ, పాప ఖోఖోలో జిల్లా తరఫున ఆడింది. వీటితో ఇడుపులపాయలో సీటు వస్తుందంటున్నారు, నిజమేనా?" అని అడిగింది.

ఆమె కూడా ఒకప్పుడు మంచి ఆటగత్తె. రాష్ట్రస్థాయి పోటీలకు వెళ్లివచ్చింది. ఇంట్లో సర్టిఫికెట్‌ను ట్రంకు పెట్టెలో నిఖానామా కాగితాల పక్కన భద్రంగా దాచారు. ఇంజనీరింగు దరఖాస్తులో 'క్రీడలు' అన్న గడిని మాత్రం ఖాళీగా వదిలేశారు. అలాంటి గడి ఒకటుంటుందని ఆ రోజు నాకూ తెలియదు. ఆ బాధ్యతలో నాకూ వాటా ఉంది.

మన కుటుంబాలకు బి.సి.-ఇ సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలో, దూదేకుల సోదరులకు బి.సి.-బి ఎలా వస్తుందో బాగానే తెలుసు. ఆటల కోటా సంగతి మాత్రం చాలామందికి తెలియదు. మన రాష్ట్రంలో ఇంజనీరింగు ప్రవేశాల్లో క్రీడాకారులకు 0.5 శాతం, ఎన్.సి.సి. వారికి 1 శాతం సీట్లు కేటాయించారు. అంటే ఆటలకు రెండు వందల సీట్లలో ఒకటి. కడప జిల్లా ఇడుపులపాయతో సహా ట్రిపుల్ ఐటీల్లోనూ ఇదే లెక్క ఉంది. అక్కడ పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువుకు తీసుకుంటారు కాబట్టి, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో పిల్లలు తెచ్చుకున్న క్రీడా పత్రాలే అక్కరకొస్తాయి. ఇంటర్‌కు వచ్చాక మేల్కొంటే ఆలస్యమైనట్లే.

ఒక అపోహ తొలగించుకోవాలి. ఆట బాగా వస్తే చదవకపోయినా సీటిస్తారని కొందరు తండ్రులు అనుకుంటారు. అలా ఎక్కడా లేదు. ముందు పరీక్షలో అర్హత రావాలి. ఆ తర్వాతే అర్హులైన క్రీడాకారులను వరుసలో నిలబెడతారు. అంతర్జాతీయ స్థాయి ముందు, జాతీయ స్థాయి తర్వాత, రాష్ట్ర స్థాయి ఆ తర్వాత. మద్రాసు ఐ.ఐ.టి. 2024లో క్రీడాకారులకు ప్రత్యేక ప్రవేశం మొదలుపెట్టింది. ఒక్కో కోర్సులో రెండు సీట్లు, అందులో ఒకటి ఆడపిల్లలకే. అయినా జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ ర్యాంకు జాబితాలో పేరుండి తీరాలి. 2025 నుంచి సంగీతం, నృత్యం వంటి కళల్లో రాణించినవారికీ అదే పద్ధతిలో రెండేసి సీట్లు ఇస్తున్నారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం కళాశాలల్లోనూ ఆటలకు, కళలకు కోటా ఉంది. అమెరికాలో ఈ ఆనవాయితీ మరీ పాతది, కానీ అంత దూరం మనకెందుకు!

సంగీతం మాట రాగానే మన ఇళ్లలో కొందరి నొసలు ముడిపడతాయి. వాద్యాల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉన్నమాట నిజమే. ఫత్వా ఇచ్చే పని ఈ పేజీది కాదు, నాది అంతకన్నా కాదు. ఉన్న సంగతి మాత్రం చెబుతాను. నాదస్వరంలో తెలుగు ముస్లిముల పేరు దేశమంతా తెలుసు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఈ దంపతులు సంగీతం నేర్చినది మన కర్నూలులోని ప్రభుత్వ శారదా సంగీత కళాశాలలోనే. ఊళ్లో ఉన్న ఆ కళాశాల గేటు ముందు నుంచి నేను ఎన్నోసార్లు సైకిలుపై వెళ్లాను, లోపల ఏం నేర్పుతారని ఒక్కసారీ అడగలేదు.

ఆటల్లో ఆడపిల్లల విషయం వేరు. దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం పెట్టుకున్నారని మనం మదరసాల్లో చదువుకున్నదే. అడ్డంకి ధర్మంలో కన్నా మైదానంలోనే ఎక్కువ. బట్టలు మార్చుకునే గది ఉండదు, ఊరు దాటి వెళ్లేటప్పుడు వెంట టీచరమ్మ ఉండదు. ఈ రెండూ అడిగి సాధించుకోవలసినవి. పాపను ఇంట్లో కూర్చోబెట్టడం అందుకు జవాబు కాదు. కర్నూలుకే చెందిన షేక్ జాఫ్రీన్ వినికిడి లోపాన్ని దాటుకొని, 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం తెచ్చింది. ఆమె పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

చిన్న పిల్లలున్నవారు కడపలోని ప్రభుత్వ క్రీడా పాఠశాల గురించి వాకబు చేయాలి. అక్కడ నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. ఎత్తు, బరువు కొలిచి, పరుగు, దూకుడు వంటి పరీక్షలు పెట్టి ఎంపిక చేస్తారు. వసతి, భోజనం ప్రభుత్వానివే.

ఇక ఆ రోజు సంగతి. పాప పదో తరగతి మార్కుల జాబితాలో పేరు 'షేక్'తో పూర్తిగా ఉంది. ఖోఖో సర్టిఫికెట్‌లో 'ఎస్' అన్న ఒక్క అక్షరమే ఉంది, పేరు చివర 'బేగం' లేదు. రాయలసీమలో మన పిల్లల కాగితాలు సగం ఇలాగే ఉంటాయి. ఒక చోట షేక్, ఒక చోట ఎస్, ఇంకో చోట బీ. పోటీ జరిగినప్పుడు ఎవరూ పట్టించుకోరు, పరిశీలన రోజున అధికారి పక్కన పెట్టేస్తాడు. ఒక కాగితం మీద సంతకం ఉంది గాని ముద్ర లేదు. దరఖాస్తుకు ఇంకా నాలుగు రోజులే గడువు. సోమవారం ఉదయమే హెడ్మాస్టరును, వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి కలవమని పంపాను.

పత్రాలు సరిచేయించి దరఖాస్తు పెట్టారు. ఆటల కోటాలో సీటు రాలేదు, జాతీయ పోటీల పిల్లలు ముందున్నారు. తల్లి కంటతడి పెట్టింది గాని, పాప అంతగా బాధపడలేదు. ఇప్పుడు కర్నూలులో ఇంటర్ చదువుతూ అండర్-19 జట్టులో ఆడుతోంది. మొన్న కొత్త సర్టిఫికెట్ తెచ్చి చూపించింది. పదో తరగతి కాగితంలో ఉన్నట్లే పేరు పూర్తిగా రాయించుకుంది, ముద్ర కూడా తనే దగ్గరుండి వేయించుకుందట.