పులికాట్ అతిథులు

నెల్లూరు చూడబోయినవాళ్ళు సాధారణంగా పెన్న ఒడ్డున ఉన్న రంగనాయకులస్వామి గుడి చూస్తారు, మైపాడు వెళ్ళి సముద్రంలో కాళ్ళు తడుపుకుంటారు, తిరుగు ప్రయాణం కడతారు. మైపాడులో సూర్యోదయం చూడవలసినదే. కాని మీరు వెళ్ళేది చలికాలమైతే ఇంకా దక్షిణంగా సూళ్ళూరుపేట దాకా వెళ్ళండి. ఆ ప్రాంతం 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ ఏడు తిరుపతి జిల్లాలో చేర్చారు. పక్షులకు మాత్రం ఈ సంగతి తెలియదు!

దారిలో దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువు ఉన్నది. నీళ్ళలోనే కడప చెట్లు నిలబడి ఉంటాయి. వాటి మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. గూడబాతు ముక్కు కింద పెద్ద తోలుసంచీ ఉంటుంది. పక్షి దానితో చేపలను నీళ్ళతో సహా తోడి, నీళ్ళు కారిపోయాక చేపలను మింగుతుంది. గూటికి వచ్చాక పిల్లలు దాని గొంతులో తల దూర్చి తింటాయి. అది చూస్తే తల్లే పిల్లను మింగేస్తున్నదేమో అనిపిస్తుంది! పక్షుల రెట్టలు చెరువులో పడతాయి. ఆ నీరు పారితే పొలానికి ఎరువు వేసినట్టే. అందుకే అక్కడి రైతులు వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. ప్రభుత్వం దీనిని రక్షిత స్థలంగా ప్రకటించినది 1976లో.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సుమారు 18 కిలోమీటర్ల రోడ్డు. చాలా దూరం రెండు పక్కలా నీళ్ళే. అదే పులికాట్ సరస్సు. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలకా తరవాత ఇదే పెద్దది. శ్రీహరికోట అంటే మీకు రాకెట్లు గుర్తుకు వస్తాయి. 2023లో చంద్రయాన్-3 బయలుదేరినది అక్కడినుంచే. ఆ దీవే సముద్రానికీ సరస్సుకూ మధ్య గోడలాగా ఉన్నది.

నీళ్ళలో దూరంగా గులాబీరంగు చార కనిపిస్తుంది. అవి రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు. ఇవి తలకిందులుగా తింటాయి! ముక్కును బోర్లించి బురదనీటిలో పెట్టి, నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి నెడతాయి. ముక్కు అంచులకు దువ్వెన పళ్ళలాంటివి ఉంటాయి. నీరు పోతుంది, సన్నని రొయ్యలూ నాచూ మిగులుతాయి. ఆ తిండిలోని రంగే ఈకలకు పట్టేది. పుట్టినప్పుడు పిల్లలు బూడిదరంగులో ఉంటాయి. ఇంకొక తమాషా: కాలు వెనక్కు మడిచే చోట మనం మోకాలు అనుకునేది నిజానికి దాని చీలమండ!

ఇంత పెద్ద పక్షి ఇక్కడికి రావటానికి కారణం లోతు లేకపోవటమే. నిలబడి మేయటానికి వీలవుతుంది. అక్టోబరు మొదలు వానలు పడి, కాళంగి వంటి ఏళ్ళు మంచినీళ్ళు తెస్తాయి. సముద్రం ముఖద్వారాల గుండా ఉప్పునీళ్ళు తెస్తుంది. రొయ్యలు సముద్రంలో గుడ్లు పెట్టినా, పిల్లలు ఈ ద్వారాల గుండానే సరస్సులోకి వచ్చి పెరుగుతాయి. కాని అలలు తెచ్చే ఇసుక ద్వారాలను పూడ్చేస్తుంది. అప్పుడు రొయ్యపిల్లలు రావు, వల ఖాళీగా వస్తుంది. పక్షికీ జాలరికీ ఒకటే కష్టం! వాకాడు వైపున రాయదొరువు దగ్గర పూడిక తియ్యమని జాలరులు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు.

మీరు వెళితే పెందలాడే వెళ్ళండి, రోడ్డు మీదినుంచే చూడండి. దూరదర్శిని ఉంటే మరీ మంచిది. కొందరు రెక్కల ఎరుపూ నలుపూ చూడాలని చప్పట్లు కొట్టి పక్షులను లేపుతారు. రాజహంస ఉన్నచోటునుంచి ఎగరలేదు, నీళ్ళలో చాలా అడుగులు పరుగెత్తాలి. అంత శ్రమకూ మళ్ళీ ఎంతసేపు బురద వడకట్టాలో! కొంచెంసేపు ఓపిక పట్టండి, వాటంతట అవే లేస్తాయి.