క్రిస్మస్ – పేరు, పుట్టుక, పరమార్థం



డిసెంబరు నెల వచ్చిందంటే జొన్నాడలోను, గౌతమి వంతెన దాటితే రావులపాలెంలోను, కోనసీమ ఊళ్ళన్నింటిలోను ఇళ్ళ మీద నక్షత్రాలు వెలుగుతాయి. సెమీ క్రిస్మస్ కూడికలు, రాత్రివేళ పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగే యువకులు, కొత్త బట్టలు, పిండివంటలు... ఊరంతా సందడే. అటువంటి రోజుల్లో ఆస్పత్రి మంచం పక్కన కూర్చోవలసి వచ్చినవారికి “ఈ ఏడు మాకు పండుగ లేదు” అనిపించడం సహజం. కొందరు ఆ బెంగతోనే, వైద్యం పూర్తికాకముందే రోగిని ఇంటికి పంపించెయ్యమని డాక్టరుగారిని బ్రతిమాలుతారు. ఆ తొందరపాటుకు ముందు, అసలు ఈ పండుగకు ఆ పేరెలా వచ్చిందో, దాని అర్థమేమిటో తెలుసుకుందాం. మీరు ఏ మతస్థులైనా ఇవి తెలుసుకోదగిన విషయాలే.

పేరు ఎలా వచ్చింది?

క్రిస్మస్ ఇంగ్లీషు మాట. సుమారు వెయ్యేళ్ళ క్రితమే ‘క్రీస్తు పూజ’ అనే అర్థంతో ఆ భాషలో ఏర్పడింది. ‘క్రీస్తు’ అనేది యేసుకు ఇంటిపేరు కాదు, బిరుదు. హెబ్రీ భాషలోని ‘మెస్సీయ’ అన్న మాటకు గ్రీకులో ‘క్రిస్తోస్’ అంటారు. రెండింటికీ ‘అభిషిక్తుడు’ అని అర్థం. పూర్వం ఇశ్రాయేలీయులు రాజులను, యాజకులను తలపై నూనె పోసి అభిషేకించేవారు. ‘యేసు’ అంటే ‘దేవుడు రక్షించును’ అని అర్థం. కొందరు ‘ఎక్స్‌మస్’ అని రాస్తే, క్రీస్తు పేరు తీసివేశారని నొచ్చుకుంటారు. అక్కరలేదు. గ్రీకులో ‘క్రిస్తోస్’ మొదటి అక్షరం ఆ ఆకారంలోనే ఉంటుంది.

ఇక ‘మస్’ అన్నది ‘మిస్సా’ అనే లాటిను మాట నుంచి వచ్చింది. పూజ ముగిశాక గురువు ప్రజలను పంపివేస్తూ పలికే మాట అది. ‘పంపడం’ అన్న భావం అందులో ఉంది. అంటే పూజ గుడిలోనే ముగిసిపోదు. అక్కడి నుంచి అవసరంలో ఉన్నవారి దగ్గరకు పంపబడాలి. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు అలా పంపబడినవారే. వారి సేవ నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా గోదావరి డెల్టాలో సాగింది. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్, మగ డాక్టర్లకు చూపించుకోవడానికి వెనుకాడే స్త్రీలకు వైద్యం చేశారు, అక్కడ వారికోసం ఆస్పత్రిని నిలబెట్టారు. 1930లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు.

డిసెంబరు 25 ఎందుకు?

యేసు పుట్టిన తేదీ బైబిలులో లేదు. క్రీ.శ. 336 నాటికి రోమునగరంలో డిసెంబరు 25న ఈ పండుగ జరిగేదని తెలుస్తోంది. తూర్పు దేశాల సంఘాలు జనవరి 6న జరిపేవి. ఆర్మేనియా సంఘం నేటికీ ఆ రోజే జరుపుకుంటుంది. రోమీయుల సూర్యుని పండుగ రోజునే క్రైస్తవులు తమ పండుగగా చేసుకున్నారని కొందరు పండితులు అంటారు. మరియమ్మ గర్భం ధరించిన రోజు మార్చి 25 అని ఎంచి, అక్కడినుంచి తొమ్మిది నెలలు లెక్కకట్టారని మరికొందరి అభిప్రాయం. తేదీ బైబిలులో లేదు కనుక ఆ రోజును ప్రత్యేకంగా పాటించని సంఘాలూ ఉన్నాయి. కాబట్టి ఒకటి గమనించండి: పండుగ ప్రాణం తేదీలో లేదు. వారం ఆలస్యంగా చేసుకున్నా దాని విలువ తగ్గదు.

పరమార్థం

మొదటి క్రిస్మస్ ఎవరి సొంత ఇంట్లోనూ జరగలేదు. మరియ, యోసేపులు ప్రయాణంలో ఉన్నారు. సత్రంలో చోటు దొరకలేదు. బిడ్డను పశువుల తొట్టిలో పరుండబెట్టారు. ఆ శుభవార్త ముందుగా అందినది, రాత్రంతా మేలుకొని మందను కాస్తున్న గొల్లలకు. మీరూ ఇప్పుడు ఇంటికి దూరంగా, రాత్రంతా మేలుకొని ఒక ప్రాణాన్ని కాచుకుంటున్నారు.

యేసుకు ‘ఇమ్మానుయేలు’ అనే మరో పేరుంది. ‘దేవుడు మనకు తోడు’ అని దాని అర్థం. దేవుడు దూరాన ఉండి చూడక, మనిషిగా పుట్టి మన కష్టంలో మన పక్కన నిలిచాడన్నదే క్రైస్తవ విశ్వాసం. వార్డులో సిస్టరుగారు “పేషెంటుకి తోడు ఎవరున్నారు?” అని అడిగినప్పుడు “నేనున్నానండీ” అంటున్నారే, ఆ తోడులోనే ఈ పండుగ అర్థమంతా ఉంది.

ఈ పండుగ రోజుల్లో మీరు పాటించవలసినవి

• డాక్టరుగారు చెప్పకుండా రోగిని ఇంటికి తీసుకువెళ్ళకండి. మధ్యలో ఆపిన వైద్యం వల్ల జబ్బు తిరగబెట్టవచ్చు.
• పండుగ కదా అని మాత్రలు, ఇన్సులిన్ మానవద్దు. ఉపవాసం ఉంచాలనుకుంటే ముందుగా డాక్టరుగారిని అడగండి.
• కేకులు, అరిసెలు, మాంసం వంటకాలు ప్రేమతో తెస్తారు. కాని షుగరు, కిడ్నీ, గుండె జబ్బులున్నవారికి అడగకుండా పెట్టకండి.
• వార్డులో కొవ్వొత్తులు, అగరుబత్తులు వెలిగించవద్దు. ఆక్సిజన్ ఉన్నచోట చిన్న నిప్పు కూడా పెద్ద ప్రమాదం.
• దగ్గు, జ్వరం ఉన్నవారు పరామర్శకు రావద్దని చెప్పండి. వచ్చినవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పసిబిడ్డలను ముద్దాడవద్దు.
• తోడున్న మీరూ వేళకు తినండి. ఒకరి తరువాత ఒకరు వంతులు వేసుకొని నిద్రపోండి.

ఈ ఏడు మీ ఇంటి మీద నక్షత్రం వెలగకపోయినా బాధపడకండి. మీవారు కోలుకొని ఇంటికి వచ్చిన రోజున దానిని వెలిగించుకోవచ్చు. అంతవరకు మీ తోడే వారికి పండుగ. దేవుడు మీకును, మీవారికిని తోడై ఉండునుగాక.