శెనక్కాయ ఉంటలు - కొంచెం రసాయన శాస్త్రం

రసాయన శాస్త్రమనగానే మనకు బ్యూరెట్టు, పిపెట్టు గుర్తొస్తాయి. మా అమ్మ కట్టెలపొయ్యి దగ్గర చేసేదీ ఆ శాస్త్రమేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

మాది నంబులపూలకుంట మండలం. తిమ్మమ్మ మర్రిమాను, సోలార్ పార్కు ఉన్నది మా మండలంలోనే. అయినా మా ఇంటికి కూడు పెట్టేది వానను నమ్ముకున్న శెనక్కాయ పంటే. 2023లో వాన మొహం చాటేసింది. గింజ ఊరలేదు. బాగున్నవి అమ్మగా ముడతలు పడినవి ఒక గోతాము మిగిలాయి.

2024 ఎండాకాలం సెలవుల్లో అమ్మతోపాటు ఉపాధి హామీ పనికి పోయాను. జట్టులో ఒకరు మజ్జిగ తెస్తారు, ఒకరు మామిడికాయ ముక్కలు తెస్తారు. నేనూ ఉంటలు చేసుకుపోదామని ఆ గోతాము విప్పాను. అమ్మ పట్టుకుంది. "అమ్మేదానికి పనికిరానివి పదిమందికి పెట్టేదానికి పనికొస్తాయా?" అనింది.

అమ్మ మాటకు శాస్త్రాధారం ఉన్నది. బెట్టకు గురైన గింజలకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు సులభంగా పడుతుంది. అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం వాటికి మేపిన వేరుశనగ పిండిలో బయటపడింది. ఈ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయిస్తే కొంత తగ్గుతుందిగాని పూర్తిగా పోదు. పశువులకు పెడితే పాలలోకి వస్తుంది. కనుక ముడతలు పడినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారేయడమే మార్గం.

చివరికి అమ్మ విత్తనానికి దాచిన మూట విప్పి, కిలో గింజలు ఒలిచి ఇచ్చింది. రైతు ఇంట్లో ఆ మూట విప్పడమంటే ఏమిటో రైతుబిడ్డలకు చెప్పనక్కర్లేదు.

కిలో గింజలకు ముప్పావు కిలో బెల్లం, ఒక గ్లాసు నీళ్లు. గింజలు సన్నని సెగమీద వేయించి, పొట్టు చెరిగి, బద్దలు చేసుకోవాలి. బెల్లం కరిగించి, ఇసుక లేకుండా వడగట్టి, మళ్లీ పొయ్యిమీద పెట్టాలి.

అసలు కిటుకు పాకంలో ఉన్నది. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. చక్కెర కరిగిన నీళ్లకు అంతకంటే ఎక్కువ వేడి కావాలి. నీరు ఆవిరయ్యేకొద్దీ పాకం చిక్కబడి, మరిగే ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది. చక్కెర పాకం 115 డిగ్రీల ప్రాంతంలో నీళ్లలో వేస్తే మెత్తని ఉండ అవుతుంది. 150 డిగ్రీలు చేరితే నీరు ఒక శాతం దాకా తగ్గి, పెళుసుగా విరుగుతుంది. నేను తొందరపడి మెత్తని ఉండ దగ్గరే దించేశాను. మరునాడు ఎండకు ఉంటలన్నీ కాగితానికి అతుక్కుపోయాయి. జట్టువాళ్లు నవ్వుకుంటూనే కాగితంతో సహా నాకేశారు!

అమ్మకు థర్మామీటరు లేదు. పాకం చుక్కను చెంబునీళ్లలో వేసి, గట్టిపడ్డాక తీసి పళ్లెం మీద వేస్తుంది. 'టంగ్' మని మోగితేనే దించుతుంది. అప్పుడు గింజలు కలిపి, చేతికి నెయ్యి రాసుకొని, వేడి తగ్గకముందే చుట్టాలి.

పాకం త్వరగా చల్లారితే చక్కెర అణువులు వరుసగా పేర్చుకొని స్ఫటికాలయ్యే వ్యవధి ఉండదు. గాజులాగా గడ్డకడతాయి. బెల్లంలో సహజంగా ఉండే గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా స్ఫటికాలను అడ్డుకుంటాయి. అయితే అవే గాలిలోని తేమను పీల్చుకుంటాయి. అందుకే మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టాలి.

వేరుశనగలో నాలుగో వంతు మాంసకృత్తులు, సుమారు సగం నూనె. ఎండలో మట్టి తవ్వే మనిషికి ఇంతకంటే చవకైన బలమేది? 2020లో మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో చిక్కీ చేర్చింది అందుకే.

రెండోసారి చేసిన ఉంటలు పటపట విరిగాయి. జట్టులో ఒక ముసలవ్వ సగం కొరికి, మిగతా సగం మనవడికని కొంగున ముడేసుకుంది. విత్తనాల మూటలో కిలో తగ్గిందన్న బాధ నాకు అప్పుడు పోయింది.